మచిలీపట్నం ఉత్తరాల కోసం నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లిషు నేర్చుకున్నాను: నా అనుభవం

2024 సెప్టెంబరులో చరిత్రలో ఎం.ఏ. చేయడానికి లండన్ చేరుకున్నాను. పరిశోధన వ్యాసానికి 17వ శతాబ్దపు మచిలీపట్నం వస్త్ర వ్యాపారాన్ని ఎంచుకున్నాను. 1611లో గ్లోబ్ అనే ఓడ వచ్చి ఆగిన నాటి నుంచి అక్కడి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు లండన్‌కూ, జావాలోని బంటమ్‌కూ, సూరత్‌కూ రాసిన ఉత్తరాలు ఎన్నో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. మా మార్గదర్శకురాలు మొదటి సమావేశంలోనే 1620ల నాటి ఉత్తరం నకలు ఒకటి నా ముందు పెట్టి మొదటి పంక్తి చదవమన్నారు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిషు మీడియంలోనే చదివిన నాకు అందులో ఒక్క మాట కూడా అంతుపట్టలేదు. అది ఇంగ్లిషేనా అని అడిగాను. ఇంగ్లిషేనని, ఇది చదవడం వస్తేనే ఈ అంశం మీద పని సాగుతుందని, మార్చిలో ఒక చిన్న పరీక్ష ఉంటుందని చెప్పారు. సిగ్గు, భయం రెండూ కలిగాయి. ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి సంగతి చెబితే, "ఇంత ఖర్చు పెట్టి లండన్ పంపింది ఓనమాలు దిద్దుకోవడానికా?" అని నవ్వారు. జరిగింది మాత్రం అచ్చంగా అదే.

అక్టోబరు మొదటి వారంలో, పాత ఇంగ్లిషు చేతిరాతలు చదవడం నేర్పే సాయంత్రం తరగతిలో చేరాను. వారానికి ఒక రోజు, రెండు గంటల చొప్పున క్రిస్మస్ సెలవుల దాకా సాగే తరగతి అది. రుసుము దాదాపు 140 పౌండ్లు, అంటే మన లెక్కలో పదిహేను వేల రూపాయలు. తరగతిలో నేను తప్ప మిగిలిన వారంతా తమ వంశవృక్షాన్ని వెతుక్కుంటున్న రిటైరైన ఆంగ్లేయులు. ముత్తాతల వీలునామాలు, చర్చి రిజిస్టర్లు చదవాలని వచ్చారు. పుట్టినప్పటి నుంచి ఇంగ్లిషు మాట్లాడుతున్న వారు కూడా నాలాగే ప్రతి పంక్తి దగ్గరా ఆగిపోతుంటే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

క్రియల చివర వచ్చే ప్రత్యయాలే అన్నిటికన్నా కష్టమని అనుకుని వెళ్లాను గాని, వాటి పని రెండు వారాల్లో తేలిపోయింది. ఈనాడు 'ఎస్' చేర్చే ప్రథమ పురుష ఏకవచనానికి అప్పట్లో 'ఎత్' చేర్చేవారు. 'రైట్స్' బదులు 'రైటెత్', 'అపియర్స్' బదులు 'అపియరెత్', 'హ్యాజ్' బదులు 'హాథ్', 'డజ్' బదులు 'డోథ్' అన్నమాట. 'ఎస్' అనేది ఉత్తర ఇంగ్లండు మాండలికపు ప్రత్యయమనీ, అది మెల్లగా లండన్‌కు దిగివచ్చి 'ఎత్'ను తోసేసిందనీ ఉపాధ్యాయుడు చెప్పారు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు 'ఎత్'నే పట్టుకుని ఉంటే, అదే కాలపు షేక్‌స్పియర్ నాటకాల్లో రెండూ కనిపిస్తాయి. నన్ను ఆకట్టుకున్నది 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే ఆయన నమోదు చేసిన సంగతి. 'లీడెత్', 'మేకెత్' అని రాస్తున్నా పలికేటప్పుడు మాత్రం 'లీడ్స్', 'మేక్స్' అనే అంటున్నామని ఆయన రాశాడు. 'వచ్చెను', 'చెప్పెను' అని రాసి 'వచ్చాడు', 'చెప్పాడు' అని మాట్లాడిన తరాల మధ్య పెరిగినవాళ్లం కాబట్టి తరగతిలో ఈ మాట విని ఆశ్చర్యపోనిది నేనొక్కణ్ణే. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక భాషోద్యమం గురించి వారికి కొంచెం చెప్పాను కూడా.

మధ్యమ పురుషకు 'దౌ' అనే సర్వనామంతో వచ్చే 'ఎస్ట్' ప్రత్యయాన్ని, 'హ్యాస్ట్', 'డోస్ట్', 'ఆర్ట్', 'విల్ట్', 'షాల్ట్' వంటి రూపాలను కార్డుల మీద రాసుకుని బస్సులో కూర్చుని కంఠతా పట్టాను. తీరా చూస్తే నేను చదివిన కంపెనీ ఉత్తరాల్లో అవి దాదాపుగా ఎదురుపడలేదు. కారణం మనకు చెప్పనక్కరలేదు. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. బంటమ్‌లోని కంపెనీ అధ్యక్షుడికి ఉత్తరం రాసే గుమాస్తా నువ్వు అని ఎలా రాస్తాడు? ఆ రూపాలు ప్రార్థనల్లోనూ, పద్యాల్లోనూ, కోర్టు సాక్ష్యాల్లో యథాతథంగా ఎక్కించిన తిట్లలోనూ ఉంటాయి. 1603లో సర్ వాల్టర్ రాలీ అనే ప్రముఖుడి మీద జరిగిన రాజద్రోహ విచారణలో అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయనను కావాలనే 'దౌ' అని సంబోధించి అవమానించాడట. వీలునామాలు, వ్యాపార ఉత్తరాలు చదవబోయేవారు 'ఎస్ట్' మీద ఎక్కువ సమయం పెట్టకండి. 'హాథ్', 'డోథ్' బాగా గుర్తుంటే చాలు. అవి మిగిలిన 'ఎత్' రూపాల కన్నా చాలా ఎక్కువ కాలం నిలిచాయి. 1670ల నాటి ఉత్తరాల్లో తక్కిన క్రియలన్నీ 'ఎస్'కు మారిపోయినా 'హాథ్' మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

నామవాచకాల, విశేషణాల చివరలు కూడా కొద్దిగా వేరు. 'కంపెనీ' చివర 'వై' బదులు 'ఐ, ఈ' ఉంటాయి. 'గుడ్‌నెస్' చివర ఒక 'ఈ', 'కింగ్‌డమ్' చివర ఒక 'ఈ' అదనంగా చేరతాయి. 'షిప్‌డ్' అనే భూతకాల రూపం చివర 'టీ' ఒక్కటే రాస్తారు. ఒకే మనిషి ఒకే పుటలో ఒకే మాటను మూడు రకాలుగా రాయడమూ ఉంది. అప్పటికి వర్ణక్రమం ఇంకా స్థిరపడలేదు కనుక అది తప్పు కిందికి రాదు. పెద్దగా చదువుకుంటే చెవి పట్టుకుంటుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని గట్టిగా చదవడం అలవాటు చేసుకున్నాను, పక్క గదిలోని మిత్రుడు ప్రార్థన చేసుకుంటున్నాననుకున్నాడు.

అసలు కష్టమంతా అక్షరాల దగ్గర. మొదటి నెలలో వాడుక తప్పిన నాలుగైదు అక్షరాల చరిత్ర చెప్పారు. 'ద', 'థ' ధ్వనులకు థార్న్, ఎద్ అని రెండు అక్షరాలుండేవి. ఎద్ దాదాపు 1300 నాటికే పోయింది. 'డబ్ల్యూ' స్థానంలో ఉండిన విన్ కూడా ఆ ప్రాంతంలోనే కనుమరుగైంది. యోఖ్ అనే అక్షరం కొన్నిచోట్ల 'వై'గా, కొన్నిచోట్ల 'జీ, హెచ్'గా మారింది. స్కాట్లండులో అచ్చు వేసేవారు దానికి 'జెడ్' వాడడం వల్ల అక్కడి మెన్జీస్ అనే ఇంటిపేరును ఇప్పటికీ కొందరు మింగిస్ అని పలుకుతారు. బండి ఱ, అరసున్న నా చిన్నప్పటికే బడిలో పేరుకు మాత్రం మిగిలాయి కనుక, అక్షరాలు చచ్చిపోతాయన్న మాట నాకు వింతగా తోచలేదు.

వీటిలో థార్న్ ఒక్కటి మాత్రం నా ఉత్తరాల్లో సజీవంగా ఉంది, అది కూడా మారువేషంలో. చేతిరాతలో దాని రూపం క్రమంగా 'వై'లా తయారైంది. 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టిన కాక్స్‌టన్ దగ్గరా, ఆ తర్వాతి వారి దగ్గరా యూరప్ ప్రధాన భూభాగపు అచ్చుల్లో ఆ అక్షరం లేకపోవడంతో 'వై'నే వాడారు. అందుకే 'వై' పక్కన పైకెత్తిన చిన్న 'ఈ' కనిపిస్తే దాన్ని 'ది' అని చదవాలి, 'యీ' అని ఎవరూ ఎన్నడూ పలకలేదు. 'వై' మీద చిన్న 'టీ' ఉంటే 'దట్'. పాతకాలపు వాతావరణం కోసం దుకాణాల బోర్డుల మీద 'యీ ఓల్డ్' అని రాసుకునే వారిని చూస్తే ఇప్పుడు నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. 'యూ', 'వీ' అప్పటికి ఒకే అక్షరానికి రెండు రూపాలు. మాట మొదట్లో 'వీ', మధ్యలో 'యూ' రాసేవారు. అందువల్ల 'అపాన్' అనే మాట 'వీ'తో మొదలవుతుంది, 'హ్యావ్' మధ్యలో 'యూ' ఉంటుంది. 'ఐ', 'జే' సంగతీ ఇంతే, జాన్ పేరు 'ఐ'తో మొదలవుతుంది. 'ఎస్'కు పొడుగాటి రూపం ఒకటుండేది. మాట మొదటా మధ్యా అది, చివర మాత్రం మనకు తెలిసిన పొట్టి 'ఎస్'. ఈ పొడుగు 'ఎస్' అచ్చులో సుమారు 1800 వరకూ బతికింది.

నవంబరులో, ఆ కాలపు గుమాస్తాలు వాడిన సెక్రటరీ హ్యాండ్ అనే చేతిరాత మొదలైంది. నిద్ర పట్టని నెల అది. ఈ రాతలో 'ఈ' వెనక్కి తిరిగి ఉంటుంది. 'సీ' చూస్తే 'ఆర్' అనిపిస్తుంది. 'ఆర్' చూస్తే 'డబ్ల్యూ' అనిపిస్తుంది. 'హెచ్' పంక్తి కిందికి తోకలా జారిపోతుంది. 'ఎమ్', 'ఎన్', 'యూ', 'ఐ' నాలుగూ ఒకే రకం పొట్టి నిలువు గీతలు కాబట్టి గీతలు లెక్కపెట్టుకుని ఎక్కడ విరగ్గొట్టాలో ఊహించాలి. పెద్ద 'ఎఫ్'కు రెండు చిన్న 'ఎఫ్'లు రాస్తారు. మద్రాసులోని కంపెనీ కోట 'ఫోర్ట్ సెయింట్ జార్జ్' పేరు వచ్చినచోట రెండు 'ఎఫ్'లు చూసి కంగారుపడక్కరలేదు.

వీటి పైన సంక్షిప్తాలు. 'పీ' కాలికి అడ్డగీత ఉంటే 'పర్' లేదా 'పార్', తోక వంపు తిరిగితే 'ప్రో', నెత్తిన గీత ఉంటే 'ప్రీ'. 'ఎమ్' మీద గీత ఉంటే అది ద్విత్వం. 'షన్' అని పలికే చివరలకు 'సీ, ఓ, ఎన్' రాసి పైన గీత పెడితే అందులో ఒక 'ఐ' దాగి ఉన్నట్టు. మాట చివర చిన్న ముడి లాంటిది ఉంటే 'ఈ, ఎస్' అనే బహువచన ప్రత్యయం. అంకెలు చాలాచోట్ల రోమన్ పద్ధతిలో ఉంటాయి, చివరి 'ఐ'ని 'జే'లా సాగదీస్తారు. నాలుగు 'ఐ'ల నెత్తిన రెండు చిన్న 'ఎక్స్'లు ఉంటే నాలుగు ఇరవైలు, అంటే ఎనభై. మా తాతమ్మ కూడా ఇరవైల లెక్కనే చెప్పేదని ఒక సహాధ్యాయిని అంది.

మొదట్లో ఒక పుట చదివి మామూలు అక్షరాల్లో ఎత్తి రాసుకోవడానికి ఒక సెలవు రోజంతా పట్టేది. అయినా పుటలో మూడో వంతు చతురస్ర కుండలీకరణాల్లో ప్రశ్నార్థకాలే మిగిలేవి. డిసెంబరులో ఒక వారం పాటు అంశం మార్చుకుందామనే గట్టిగా అనుకున్నాను. రెండు పనులు నన్ను గట్టెక్కించాయి. ఒకటి, బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వారు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన పాత రాతల పాఠాలు. రోజూ అరగంట అవి చేసేవాణ్ణి. రెండోది, నాకు తెలిసినంతలో ఎవరూ ముందుగా చెప్పని చిట్కా: కాలంలో వెనక్కి నడవడం. 17వ శతాబ్దం సాగిన కొద్దీ సెక్రటరీ రాతలో, నేటి ఇంగ్లిషు రాతకు దగ్గరగా ఉండే ఇటాలిక్ రాత కలిసిపోతూ వచ్చింది కాబట్టి 1670ల ఉత్తరాలు 1620ల వాటికన్నా ఎంతో సుళువు. అక్కడ మొదలుపెట్టి పదేళ్ల చొప్పున వెనక్కి వెళితే ఒక్కొక్క కొత్త అక్షరాన్నే ఎదుర్కోవలసి వస్తుంది. తరగతిలో మాత్రం కాలక్రమంలోనే చెప్పారు. అది తిరగేస్తే సగం మంది మధ్యలో మానేసేవారు కాదని నా అభిప్రాయం.

2025 జనవరిలో బ్రిటిష్ లైబ్రరీ రీడర్ పాస్ కోసం వెళ్లాలనుకున్నాను. పాస్ ఉచితమే గాని గుర్తింపు పత్రంతో పాటు నివాస చిరునామాకు రుజువు కావాలి. అద్దె గదిలో కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉంటుంది. బ్యాంకు నుంచి నా పేరున స్టేట్‌మెంటు కాగితం తపాలాలో వచ్చేసరికి దాదాపు మూడు వారాలు గడిచాయి. విద్యార్థిగా వెళ్లేవారు దిగిన వెంటనే ఆ కాగితం తెప్పించుకోండి. లోపలికి పెన్నులు, కోట్లు, సంచులు తీసుకువెళ్లనివ్వరు. పెన్సిలు, కాగితాలు, ల్యాప్‌టాప్ మాత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పట్టుకెళ్లాలి. కావలసిన సంపుటాలకు ముందు రోజే ఆర్డరు పెట్టుకుని వెళ్లడం మేలు. గ్రంథాన్ని స్పాంజి దిమ్మల మీద ఆనించి, పుటలు ఎగరకుండా గుడ్డలో కుట్టిన బరువైన తాడు వేస్తారు. చాలా పత్రాలకు సొంత ఫోనుతో ఫొటోలు తీసుకోనిస్తారు. నేను మొదటి వారాలు అక్కడ ఫొటోలు తీయడానికే వాడుకుని, చదవడం ఇంట్లో పెట్టుకున్నాను. భూతద్దానికి తొమ్మిది పౌండ్లు పెట్టాను గాని, ఫోను తెర మీద పెద్దది చేసి చూడడమే ఎక్కువ పనికొచ్చింది.

చదివినది సరిగా ఉందో లేదో సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. విలియం ఫాస్టర్ సంపాదకత్వంలో 1906 నుంచి వెలువడిన 'ఇంగ్లిష్ ఫ్యాక్టరీస్ ఇన్ ఇండియా' సంపుటాల్లో 1618 తర్వాతి ఉత్తరాల సారాంశాలు ఉన్నాయి. ఉత్తరంలో ఏముందో స్థూలంగా తెలిశాక అక్షరాలు తేలిగ్గా లొంగుతాయి. కానీ ముందే సారాంశం చదివితే కన్ను లేనిదాన్ని కూడా చూస్తుంది. అందుకని ఒకసారి నా అంతట నేను రాసుకున్నాకే పుస్తకం తెరిచేవాణ్ణి. మాటల అర్థాలకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అక్కడి పౌర గ్రంథాలయం కార్డుతో ఇంటి నుంచే ఉచితంగా చూడవచ్చు. దుబాసీ, ప్యూన్ వంటి మాటలకు భారతదేశంలోని ఇంగ్లిషు వారు వాడిన మాటల నిఘంటువు, 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ ఇప్పటికీ దిక్కు.

ఇక నాకు నిజంగా సంతోషం కలిగించినవి ఊళ్ల పేర్లు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం 'వెరషెరూన్' అని పలికించే మాట ఒకటి ఎదురైంది. అక్షరం అక్షరం సరిగానే ఉంది, అర్థం మాత్రం లేదు. నోటితో రెండు మూడు సార్లు అనుకునేసరికి అది వీరవాసరం అని తట్టింది. గోదావరి జిల్లాలో మా పిన్నిగారి ఊరికి పక్క ఊరు! ఆ తర్వాత 'పెట్టపోలీ' నిజాంపట్నమని, 'మదపొల్లమ్' నరసాపురం దగ్గరి మాధవాయపాలెమని, 'అర్మగాన్' దుగరాజపట్నమని వరుసగా దొరికాయి. 'పగోడా' అంటే గుడి కాదు, వరహా. మచిలీపట్నం పేరుకే ఎన్ని వర్ణక్రమాలో చెప్పలేను. ఈ ఒక్క విషయంలో నేను తరగతిలో అందరికన్నా ముందున్నాను. ఉపాధ్యాయుడు కూడా తన దగ్గరున్న ఒక పుటలోని పేర్లు నన్ను అడిగి రాసుకున్నారు.

తేదీల చిక్కు కూడా ఆ నెలలోనే ఎదురైంది. ఒక సంవత్సరం జనవరిలో రాసిన ఉత్తరం, అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన ఉత్తరానికి జవాబు చెబుతోంది. ఇంగ్లండులో 1752 దాకా సంవత్సరాది మార్చి 25. అందువల్ల ఆగస్టు తర్వాత వచ్చే జనవరి కూడా ఆ సంవత్సరం కిందికే వస్తుంది. మన లెక్కలో దానికి ఒక ఏడు కలపాలి. కొందరు గుమాస్తాలు రెండు సంవత్సరాలనూ భిన్నంలా ఒకదాని కింద ఒకటి వేసి మనల్ని కాపాడారు. పైగా 17వ శతాబ్దంలో ఇంగ్లిషు వారి తేదీ, అదే మచిలీపట్నంలో ఉన్న డచ్చి వారి తేదీకి పది రోజులు వెనక. డచ్చి కంపెనీ కొత్త క్యాలెండరు పాటించేది మరి. ఒకే రేవులో ఒకే ఓడ రెండు తేదీల్లో బయలుదేరినట్టు కనిపిస్తుంది. నా నోటు పుస్తకంలో ప్రతి తేదీ పక్కన రెండో గడి గీసుకుని మన లెక్క తేదీ రాసుకున్నాను. మన ఉగాదీ జనవరిలో రాదు కదా, మరి మనకు ఇంత గొడవ లేదేం అని ఇంట్లో అడిగారు. సంవత్సరం పేరుకు అంకె తగిలించకపోవడం వల్ల మనం తప్పించుకున్నామని చెప్పాను.

మార్చి మూడో వారంలో పరీక్ష జరిగింది. ముందు చూడని ఒక పుటను చదివి ఎత్తి రాయాలి, రెండు గంటలు, నిఘంటువు ఉండదు. నియమాలు కచ్చితంగా ఉంటాయి: వర్ణక్రమం ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, 'యూ', 'వీ' మార్చకూడదు, విప్పి రాసిన సంక్షిప్తాలను వాలు అక్షరాల్లో చూపాలి, 'వై'లా కనిపించే థార్న్‌ను 'టీ, హెచ్' అనే రాయాలి, పంక్తి ఎక్కడ విరిగితే అక్కడే విరగాలి. తెలియని మాటను ఊహించి రాస్తే మార్కులు పోతాయి. ఖాళీ ఉంచి ప్రశ్నార్థకం పెడితే పోవు. నాకు నాలుగు ప్రశ్నార్థకాలు మిగిలాయి. ఫలితానికి ఐదు వారాలు వేచి ఉన్నాను, ఏప్రిల్ చివర ఉత్తీర్ణుడినైనట్టు మెయిల్ వచ్చింది. ఆ వేసవిలో ఒక మామూలు పుటకు నాకు ముప్పావు గంట సరిపోయేది, సెప్టెంబరులో వ్యాసం సమర్పించాను.

టైపు చేసేటప్పుడు ఎదురయ్యే సంగతులు రెండు చెప్పాలి. పాత అక్షరాలు మామూలు ఫాంటుల్లో సరిగా రావు, జూనికోడ్ అనే ఉచిత ఫాంటు వాటి కోసమే తయారైంది. స్కాన్ చేసిన 18వ శతాబ్దపు పుస్తకాల్లో వెతికేటప్పుడు యంత్రం పొడుగు 'ఎస్'ను 'ఎఫ్' అని చదివి ఉంటుంది. 'షిప్' అని కొడితే ఏమీ దొరకదు, 'ఎస్' తీసి 'ఎఫ్' పెట్టి కొట్టండి. అలా వెతికాక నాకు పనికొచ్చే పుటలు ఇంకా చాలా బయటపడ్డాయి, వాటిని అనుబంధంలో చేర్చడానికి గడువు పొడిగింపు అడిగితే వారం రోజులు ఇచ్చారు.